పదో బెడ్ తాలూకు ఎవరు?

(నర్సింగ్ విద్యార్థినుల సభలో ఒక రిటైర్డ్ హెడ్ నర్సు ప్రసంగ పాఠం)

అమ్మాయిలూ, గుర్రపు వాతం, అంటే గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వస్తే ఏ ఇంజెక్షన్ ఎంత ఇవ్వాలో, కాన్పయ్యాక రక్తం ఆగకపోతే ముందు ఏం చెయ్యాలో మీ మేడమ్‌లు బాగా నేర్పారు. నేను ఐసీయూ తలుపు అవతల కూర్చునేవాళ్ల గురించి చెప్తాను.

తలుపు సగం తెరిచి మనం కేక వేస్తాం, "పదో బెడ్ తాలూకు ఎవరమ్మా?" అని. వరండాలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా లేస్తారు. తమ బెడ్ కాదని తెలిశాక కూలబడతారు. 20 ఏళ్లు ఆ కేక వేశాను. మా అక్క కూతురి కాన్పప్పుడు మొదటిసారి బయట చాప మీద కూర్చుని విన్నాను. కాళ్లు వణికాయి.

పిల్లకి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆ తర్వాత కూడా 24 గంటలు, ఫిట్స్ మళ్లీ రాకుండా ఇచ్చే మెగ్నీషియం మందు నడవాలని, అంతవరకూ గండం గడిచినట్టు కాదని నాకు తెలుసు. మా అక్కకి తెలియదు. "బిడ్డ పుట్టేసింది కదే, తల్లిని ఎందుకు చూపించరు?" అని అడిగిందే అడిగింది. పొద్దున తెచ్చిన పాలు స్టీలు క్యారియర్‌లోనే విరిగిపోయాయి. పారబొయ్యనివ్వలేదు. "లేచి అడుగుతుందేమో" అంది.

మన దగ్గర తొలి కాన్పు పుట్టింట్లోనే. అందుకే ఏం జరిగినా మాట పడేది పుట్టింటివాళ్లు. ఆ సాయంత్రం వియ్యపురాలు వచ్చి, "పంపినప్పుడు బాగానే ఉందిగా వదినా" అంది. గట్టిగా కూడా అనలేదు. మా అక్క ఆ మాటే తలుచుకుని నెల్లాళ్లు ఏడ్చింది. అది మాయలో, అంటే కడుపులో బిడ్డని తల్లితో కలిపే మావిలో, మొదలయ్యే జబ్బని, ఎవరి సాకడంలోనూ లోపం లేదని ఆ ఇద్దరినీ కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. నేను చెప్తే తోడబుట్టినదాన్ని వెనకేసుకొచ్చినట్టే ఉంటుంది కదా.

తల్లి ఒక ఆసుపత్రిలో, బిడ్డ ఇంకో ఆసుపత్రిలో ఉంటే ఆ కష్టం రెట్టింపు. అమ్మమ్మ ఇక్కడ, నానమ్మ అక్కడ, మధ్యలో బైకు మీద బిడ్డ తండ్రి, ఆ కుర్రాడు. రెండో కాన్పైతే పెద్దపిల్ల పక్కింట్లో. 2011 నుంచి జననీ శిశు సురక్ష అనే ప్రభుత్వ పథకం కింద సర్కారు ఆసుపత్రిలో కాన్పు, ఆపరేషన్, మందులు, రక్తం, బాలింత భోజనం ఉచితం. చాలా మంచి పని అది. వరండాలో అమ్మమ్మ తిండి, ఆటో చార్జీలు, ఆ కుర్రాడికి పోయిన కూలి మాత్రం ఆ లెక్కలోకి రావు. చెవి కమ్మలు తాకట్టుకి వెళ్లేది వాటికే.

రక్తం ఉచితమే అయినా, నిల్వ లేకపోతే మనుషుల్ని తెచ్చుకోమంటాం. పరిగెత్తుకొచ్చిన తమ్ముడికి రక్తం ఇవ్వడానికి కావలసిన హిమోగ్లోబిన్ 12.5 ఉండదు, వెనక్కి పంపుతారు. అలాంటి ఒక పిల్లాడు గోడవైపు తిరిగి నిలబడిపోయాడు. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు.

మనం కేక వేసేదెప్పుడు? సంతకం కావాలన్నప్పుడు, రక్తం కావాలన్నప్పుడు, మందు తేవాలన్నప్పుడు. అందుకే మన గొంతు వింటే వాళ్లకి హడలు. ఏమీ అక్కర్లేనప్పుడు కూడా ఒకసారి పిలవండి. చివరి పదేళ్లు నేను షిఫ్టు ఎక్కగానే ఆ పనే చేశాను. నంబరుతో కాదు, పిల్ల పేరుతో. "మళ్లీ ఫిట్స్ రాలేదు, మూత్రం బాగానే వస్తోంది, పిలిస్తే కళ్లు తెరుస్తోంది." రెండు నిమిషాలు పట్టదు. తగ్గిపోతుందని మాత్రం మాటివ్వకండి. బాగా లేకపోతే బాగా లేదనే చెప్పించండి, డాక్టర్‌గారి చేత, కూర్చోబెట్టి.

ఇది నాకు నేర్పింది మీ వయసు పిల్లే. మా అక్క కూతురికి ఫిట్స్ వచ్చిన మర్నాడు తెల్లవారుజామున బయటికొచ్చి, మా చాప మీదే కూర్చుని, "పెద్దమ్మా, నీళ్లడిగింది, రెండు చెంచాలు తాగింది" అంది. మా అక్క ఏమీ మాట్లాడలేదు. లేచి, కుళాయి దగ్గరికెళ్లి, ఆ క్యారియర్ కడిగింది.