ఏడాది ప్లేస్‌మెంట్ రివ్యూ: తొమ్మిదో నెల దాకా నాకూ అర్థం కాలేదు

హాయ్ అందరికీ. వాయిస్ బాగా వినపడుతోందా? కొత్త మైక్ ఇది. ముందే చెప్పేస్తున్నా, దీన్ని మా కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసు వాళ్ళు ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు, కింది బ్యాచ్ వాళ్ళకి పనికొచ్చేలా మూడు నిమిషాల వీడియో చెయ్యి, కాస్త పాజిటివ్‌గా చెయ్యి అని ఇచ్చారు. మూడు నిమిషాలు ఎలాగూ దాటిపోతుంది. పాజిటివ్ సంగతి వీడియో అయ్యేసరికి మీకే తెలుస్తుంది. మైక్ వెనక్కి అడిగితే ఇచ్చేస్తాను, పాపం మైక్ మాత్రం బాగుంది.

స్టైపెండ్ ఎంత, ఇంటర్వ్యూ ఎన్ని రౌండ్లు, ఆప్టిట్యూడ్ టెస్టులో ఏం అడుగుతారు, ఇవన్నీ మీరు ఇప్పటికే పది వీడియోల్లో చూసి ఉంటారు, పదకొండోది నేను చెయ్యను. ఒక్కటి మాత్రం క్లియర్ చేస్తా. ప్లేస్‌మెంట్ అనగానే ఉద్యోగం వచ్చేసిందని అందరూ కంగ్రాట్స్ చెప్తున్నారు. అది కాదు. డిగ్రీ మధ్యలో ఒక ఏడాది కంపెనీలో పని చేసి, మళ్ళీ వచ్చి ఫైనల్ ఇయర్ చదవడం. శాండ్‌విచ్ కోర్సు అంటారు, రెండు చదువుల మధ్య ఒక ఉద్యోగం. ఇదేదో ఈ మధ్య వచ్చిన ఐడియా అనుకున్నాను గానీ, ఇంగ్లండ్‌లో సండర్లాండ్ టెక్నికల్ కాలేజీ 1903లోనే మొదలుపెట్టిందట. 1906లో అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ప్రొఫెసర్ ఇంకో రకంగా చేశారు: 27 మంది ఇంజినీరింగ్ విద్యార్థులు ఒక వారం క్లాసులో, ఒక వారం ఫ్యాక్టరీలో. వారం వారం మారడం నయమేమో అని నాకు చాలాసార్లు అనిపించింది, ముఖ్యంగా శుక్రవారం సాయంత్రాలు.

ఎందుకంటే శుక్రవారం సాయంత్రం టైమ్‌షీట్. దీని గురించి కాసేపు మాట్లాడాలి, ఇష్టం లేనివాళ్ళు స్కిప్ చేసుకోండి.

వారానికి 37.5 గంటలు. దాన్ని పదిహేను నిమిషాల చొప్పున ముక్కలు చేస్తారు. అంటే 150 గళ్ళు. ఒక్కో గడిలో ఆ పదిహేను నిమిషాలు ఏం చేశామో ఒక కోడ్ వెయ్యాలి. మీటింగుకి కోడ్ ఉంది, క్లయింట్ పనికి ఉంది, సెలవుకి ఉంది. ఆలోచించడానికి లేదు. పక్క సీట్లో వాళ్ళని డౌట్ అడగడానికి లేదు. టైమ్‌షీట్ నింపడానికి పట్టే టైముకి కూడా లేదు! ట్రైనింగ్ అని ఒక కోడ్ ఉండేది, అది నాకు మొదటి నాలుగు వారాలే ఇచ్చారు, తర్వాత ఆ లైను బూడిద రంగులోకి మారిపోయింది, నొక్కినా పలకదు. నేను నేర్చుకోవడం అయిపోయిందని సిస్టమ్ తేల్చేసిందన్నమాట. ఐదో వారంలో ఒక పాత ఎక్సెల్ షీటు అర్థం చేసుకోవడానికే మూడు గంటలు పట్టింది, ఇది ఎక్కడ వెయ్యాలి అని పక్కన సీనియర్‌ని అడిగితే, "దేనికైనా వెయ్యి, ఖాళీ మాత్రం వదలకు" అన్నారు. కంపెనీలో నాకు దొరికిన మొదటి ఉపదేశం అదే.

ఇక్కడ నేను ఒక తెలివితక్కువ పని చేశాను, మీరు చెయ్యకండి. సీనియర్లు ఇరవై నిమిషాల్లో చేసే పని నాకు రెండు గంటలు పడుతోంది. రెండు గంటలు అని రాయడానికి సిగ్గేసి ముప్పావుగంట అని రాసి, మిగతాది ఇంటికి తీసుకెళ్ళి రాత్రి చేసేదాన్ని. ఏమైంది? పని పంచేవాళ్ళు ఆ టైమ్‌షీట్ చూసి, ఈ అమ్మాయి చకచకా చేస్తోందే అని ఇంకో రెండు పనులు అంటగట్టారు. నేను నొక్కేసిన గంటలే తిరిగొచ్చి నా నెత్తిన కూర్చున్నాయి. దాదాపు రెండు నెలలు పట్టింది నాకిది అర్థం కావడానికి. లెక్క నిజంగా రాయండి, సిగ్గుపడేది ఏమీ లేదు, స్టూడెంట్‌కి ఎక్కువ టైమ్ పడుతుందని వాళ్ళకీ తెలుసు.

దీనికి ముందు నేను వాడిన ప్రొడక్ట్ ఎనిమిది వారాల సమ్మర్ ఇంటర్న్‌షిప్. దాంతో పోల్చకుండా ఈ రివ్యూ కుదరదు. అక్కడ టైమ్‌షీట్ లేదు, టీషర్టు ఉంది. కొన్నాళ్ళు పరిచయాలు, కొన్నాళ్ళు పర్మిషన్లు, మిగిలిన రోజుల్లో లెక్కలన్నీ ఒకే తెర మీద చూపించే ఒక డ్యాష్‌బోర్డు, చివరి రోజు ప్రెజెంటేషన్, చప్పట్లు. ఇంటికొచ్చి నేనేదో సాధించేశానని తెగ చెప్పుకున్నా. ఆ డ్యాష్‌బోర్డుని నేను వచ్చేశాక ఒక్కళ్ళయినా తెరిచారా? అక్కడ నేను కూరలో కరివేపాకుని. కానీ ఆ చప్పట్ల శబ్దంలో ఆ సంగతి తెలియలేదు.

ఏడాదిలో తెలుస్తుంది. ఎలాగో చెప్తా, ఈ వీడియో అసలు దీని కోసమే.

మొదటి నెల వదిలేయండి, లాగిన్లు రావడానికే తొమ్మిది రోజులు. రెండో నెలలో నాతో ఒక ఎక్సెల్ షీటు చేయించారు, ప్రొడక్ట్ కోడ్ ఇస్తే ఇంకో లిస్టులోంచి దాని రేటు తెచ్చి నెల రిపోర్టులో వేసేది. దానికి ఎక్సెల్‌లో ఉండే వీ-లుకప్ అనే ఫార్ములా పెట్టాను. బ్రహ్మాండంగా పనిచేసింది, మెచ్చుకున్నారు, నేను వేరే పనిలో పడిపోయాను. తొమ్మిదో నెలలో ఫైనాన్స్ నుంచి ఒక్క లైన్ మెయిల్: ఈ రేటు ఎక్కడి నుంచి వచ్చింది?

అచ్చంగా అదే కోడ్ కావాలంటే వీ-లుకప్‌లో నాలుగో స్థానంలో ఫాల్స్ అని ఇవ్వాలి. నేను ఆ నాలుగోది అసలు రాయనే లేదు. రాయకపోతే ఎక్సెల్ దాన్ని ట్రూ అనుకుంటుంది, అంటే అడిగిన కోడ్ దొరక్కపోతే ఊరుకోదు, దానికంటే చిన్నవాటిలో దగ్గరగా ఉన్నది పట్టుకొచ్చి ఇస్తుంది. లిస్టు వరుసలో ఉన్నంతకాలం, అన్ని కోడ్లూ అందులో ఉన్నంతకాలం తేడా కనపడదు. ఏడో నెలలో ఎవరో కొత్త కోడ్లు తెచ్చి లిస్టు అడుగున అతికించారు, వరుస తప్పింది. ఎర్రర్ వస్తే ఆ రోజే దొరికిపోయేది. రాలేదు. కొత్త ప్రొడక్టుకి పక్కింటి రేటు వేసి, ఏమీ ఎరగనట్టు నిలబడింది. అదే పనికి 2019లో వచ్చిన కొత్త ఫార్ములా ఎక్స్-లుకప్ అయితే మనం ఏమీ చెప్పకపోయినా అచ్చంగా అదే కోడ్ వెతుకుతుంది, కానీ మా ఆఫీసులో ఉన్నది పాత వెర్షన్. సాకు చెప్పట్లేదు. తప్పు నాదే.

గుండె జారిపోయింది. మెయిల్ చదివి పది నిమిషాలు నీళ్ళ బాటిల్ మూత తీయడం, పెట్టడం, ఇదే పని. తర్వాత మా మేనేజర్ మేడమ్ దగ్గరికి వెళ్ళి, "మేడమ్, ఆ షీటు నేనే చేశాను, తప్పు నాదే" అన్నా. ఆవిడ అరుస్తారనుకున్నా. "ఎప్పటి నుంచి తప్పుగా వస్తోంది?" అని అడిగారు, అంతే. నా దగ్గర జవాబు లేదు. "ముందు అది కనుక్కో, తర్వాత బాధపడుదువుగాని" అన్నారు. రెండు నెలల రిపోర్టులు పాడయ్యాయని తేలింది. రెండూ కోడ్ కోడ్‌కీ సరిచూసి మళ్ళీ చేశాను, ఫైనాన్స్ వాళ్ళకి ఏం జరిగిందో నేనే రాశాను, ఆ మెయిల్ పంపే ముందు పదకొండు సార్లు చదువుకున్నా. నాలుగు రోజులు.

సరే, శుక్రవారం వచ్చింది. టైమ్‌షీట్ తెరిచాను. నాలుగు రోజులు, మన తప్పు మనం దిద్దుకోవడానికి కోడ్ ఏది? లేదు. వెళ్ళి అడిగాను. మేడమ్ ఏదో నొక్కారు, నాకు ఇంకేం చెప్పలేదు. సీటుకొచ్చి చూస్తే, ట్రైనింగ్ లైను బూడిద రంగు పోయి మళ్ళీ తెరుచుకుంది.

సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లో అయితే ఈ తప్పు బయటపడేసరికి నేను టీషర్టు వేసుకుని ఇంట్లో కూర్చునేదాన్ని. ఏడాది అంటే మనం చేసింది మన కళ్ళముందే విరుగుతుంది, బాగు చేసేదీ మనమే. ఈ ఒక్క ఫీచర్ కోసం నేను ఆ 150 గళ్ళని భరిస్తాను. క్షమించను, భరిస్తాను.

మైనస్‌లు ఇంకా ఉన్నాయి. తిరిగి కాలేజీకొస్తే మన బ్యాచ్ ఉండదు, వెళ్ళనివాళ్ళు డిగ్రీ పట్టుకుని వెళ్ళిపోతారు, క్లాసులో అన్నీ కొత్త మొహాలే. పరీక్షలో మూడు గంటలు చేత్తో రాయడం మర్చిపోయాను, గంటన్నరకే వేళ్ళు పట్టేశాయి. రాత్రి పదింటికి నిద్ర ముంచుకొస్తోంది, హాస్టల్లో అందరూ నవ్వుతున్నారు.

తీసుకోవచ్చా అంటే, తీసుకోండి. కానీ ఇంటర్వ్యూ చివర్లో "మీకేమైనా ప్రశ్నలున్నాయా" అని వాళ్ళు అడుగుతారు కదా, అప్పుడు కంపెనీ కల్చర్ గురించి అడక్కండి. పోయిన ఏడాది వచ్చిన స్టూడెంట్ చేసిన పనిని ఇప్పుడు ఎవరు వాడుతున్నారు అని అడగండి. ఫలానా టీమ్ అని టక్కున చెప్తే చేరిపోండి. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటే మాత్రం అది పన్నెండు నెలల సమ్మర్ ఇంటర్న్‌షిప్పే, టీషర్టు కూడా ఇవ్వకపోవచ్చు.

నా సీట్లో ఇప్పుడు ఇంకో అబ్బాయి ఉన్నాడు. మొన్న మెసేజ్ పెట్టాడు: "అక్కా, ఈ ఫార్ములాలో నాలుగోదాని పక్కన ఎర్ర రంగులో ముట్టుకోవద్దు అని ఎందుకు రాశారు?" వాడికి ఈ వీడియో లింకే పంపిస్తాను.