ఒకే పెన్‌డ్రైవ్‌తో విండోస్, ఉబుంటు, మింట్: వెంటాయ్‌తో తయారుచేసే పద్ధతి

(దృశ్యం: బల్ల మీద నాలుగు పాత పెన్‌డ్రైవ్‌లు. ఒక్కోదానికి తెల్ల టేపు, దాని మీద పెన్నుతో రాసిన పేరు.)

నమస్కారం. ఈ నాలుగూ చాలా ఏళ్లు నా సంచిలో తిరిగాయి. ఒకదానిలో విండోస్ 10, ఒకదానిలో విండోస్ 11, ఒకదానిలో ఉబుంటు అనే ఉచిత లినక్స్ సిస్టమ్, చివరిదానిలో డిస్కును భాగాలుగా విభజించే జీపార్టెడ్. అమీర్‌పేట హాస్టళ్లలో ఉండి కోర్సులు నేర్చుకునే పిల్లల ల్యాప్‌టాప్‌లు చూడటానికి వెళ్లినప్పుడల్లా, సరిగ్గా కావలసినదే ఇంట్లో ఉండిపోయేది. ఇప్పుడు తాళాల గుత్తికి వేలాడే ఈ ఒక్కటి చాలు. 64 జీబీ, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కొన్నాను.

దీని అవసరం ఇప్పుడే ఎక్కువ. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి, ప్రాసెసర్ కూడా మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉండాలి. ఆ రెండూ లేకపోయినా చక్కగా పనిచేసే ల్యాప్‌టాప్‌లు ఈ నగరంలో ఇంటింటా ఉన్నాయి. వాటిని పాత సామానుకు వేయకండి. విండోస్ బదులు లినక్స్ మింట్ వేస్తే ఇంకొన్నేళ్లు పిల్లల చదువుకు పనికొస్తాయి.

(తెర మీద: పాత పద్ధతి, కొత్త పద్ధతి పక్కపక్కన బొమ్మలుగా)

పాత పద్ధతిలో ఒక ఐఎస్‌వో ఫైలును, అంటే సిస్టమ్ మొత్తాన్ని ఒకే ఫైలుగా మూటగట్టినదాన్ని, విప్పి డ్రైవ్ అంతటా రాసేవాళ్లం. రెండోది కావాలంటే మొదటిది చెరిపేయాల్సిందే. వెంటాయ్ అనే ఉచిత ఓపెన్ సోర్స్ సాధనం 2020లో ఈ చిక్కు తీర్చింది. అది డ్రైవ్‌ను రెండు భాగాలు చేస్తుంది. చివర 32 ఎంబీల చిన్న భాగంలో తన బూట్ ప్రోగ్రామ్, అంటే కంప్యూటర్‌ను మొదలుపెట్టే ప్రోగ్రామ్, పెట్టుకుంటుంది. మిగిలిన పెద్ద భాగం మనది. అందులో ఐఎస్‌వోలను పాటలో ఫొటోలో వేసుకున్నట్టు కాపీ చేస్తే సరి, విప్పే పని లేదు. ఆ పెద్ద భాగంలో ఫైళ్లు ఎక్స్‌ఫ్యాట్ అనే అమరిక పద్ధతిలో ఉంటాయి. పాత ఫ్యాట్ 32లో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు, విండోస్ 11 ఐఎస్‌వో అంతకంటే పెద్దది.

(దృశ్యం: వెంటాయ్ కిటికీ. పైన డివైస్ పెట్టె, కింద ఇన్‌స్టాల్, అప్‌డేట్ బటన్‌లు.)

వెంటాయ్ అధికారిక వెబ్‌సైట్ నుంచి జిప్ తెచ్చుకుని, విప్పి, ప్రోగ్రామ్ తెరవండి. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ఇన్‌స్టాల్ నొక్కితే ఎంచుకున్న డ్రైవ్‌లో ఉన్నదంతా పోతుంది. నేను ఒకసారి ఈ తెర ముందే పొరపాటు చేశాను. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కూడా కంప్యూటర్‌కు తగిలించి ఉంది, తొందరలో దాన్నే ఎంచుకున్నాను. అందులో మా అక్క పెళ్లి ఫొటోలు ఉన్నాయి. కొన్ని తిరిగి తేగలిగాను, చాలావరకు రాలేదు. ఆ రోజు నుంచి ఈ పని చేసేటప్పుడు మిగతా యూఎస్‌బీ డ్రైవ్‌లన్నీ తీసేస్తాను. ఆ తరువాత పేరు కాదు, పరిమాణం చూస్తాను. 64 జీబీ డ్రైవ్ విండోస్‌లో 60 కంటే కొంచెం తక్కువగా, 1 టీబీ డిస్కు 931గా కనిపిస్తుంది. తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కిస్తే, విండోస్ 1,024 చొప్పున లెక్కిస్తుంది. తేడా అంతే.

ఇన్‌స్టాల్ నొక్కితే రెండుసార్లు అడుగుతుంది. రెండోసారి కూడా చదివి మరీ ఒప్పుకోండి. పని నిమిషంలోపే అయిపోతుంది.

(దృశ్యం: కాపీ అవుతున్న ఫైలు. పెన్‌డ్రైవ్ చివర మిణుకుమిణుకుమనే చిన్న దీపం దగ్గరగా.)

ఇప్పుడు ఐఎస్‌వోలు కాపీ చేద్దాం. సెకనుకు 10 ఎంబీ రాసే డ్రైవ్‌లో 6 జీబీ ఫైలుకు పది నిమిషాలు పడుతుంది. ఈ దీపాన్ని చూడండి. తెర మీద కాపీ పూర్తయినట్టు చూపిస్తోంది, దీపం ఇంకా మిణుకుతూనే ఉంది. ఉబుంటు వంటి సిస్టమ్‌లు ఫైలును ముందు మెమరీలోకి తీసుకుని, తరువాత నెమ్మదిగా డ్రైవ్‌లోకి దింపుతాయి. ఒక హాస్టల్ కుర్రాడు ఫోన్ చేసి, "అన్నా, ఇన్‌స్టాల్ సగంలో ఆగిపోతోంది, ల్యాప్‌టాప్ పాడైనట్టుంది" అన్నాడు. "తమ్ముడూ, పెన్‌డ్రైవ్ ఎజెక్ట్ చేసి తీశావా?" అని అడిగాను. లేదన్నాడు. ల్యాప్‌టాప్ బాగానే ఉంది, ఫైలే సగం రాసి ఉంది.

అందుకే షా 256 సంఖ్య సరిచూడమంటాను. అది ఫైలుకు వేలిముద్ర లాంటిది. ఐఎస్‌వో దొరికే పేజీలోనే 64 అక్షరాల వరుస ఒకటి ఇస్తారు. విండోస్‌లో సర్ట్‌యుటిల్, లినక్స్‌లో షా256సమ్ కమాండ్‌తో మన ఫైలుకు అదే వరుస వస్తుందో లేదో చూడాలి. డ్రైవ్‌ను ఒకసారి ఎజెక్ట్ చేసి, మళ్లీ పెట్టి అప్పుడు చూడండి. లేదంటే కంప్యూటర్ డ్రైవ్ నుంచి కాకుండా తన మెమరీలోని నకలు నుంచే చదివి, అంతా సరిగ్గా ఉందని చెప్పవచ్చు.

(దృశ్యం: ల్యాప్‌టాప్ ఆన్ అవుతూ, వేలు ఎఫ్ 12 మీద)

ల్యాప్‌టాప్ దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే బూట్ మెనూకు డెల్, లెనోవో, ఏసర్‌లలో ఎక్కువగా ఎఫ్ 12, హెచ్‌పీలో ఎఫ్ 9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్.

సెక్యూర్ బూట్, అంటే తనకు తెలిసిన సంతకం ఉన్న ప్రోగ్రామ్‌తోనే మొదలయ్యే ఏర్పాటు, ఉన్న యంత్రంలో మొదటిసారి భద్రతా ఉల్లంఘన అని ఒక తెర వస్తుంది. వైరస్ అనుకుని భయపడకండి. ఈ బూట్ ప్రోగ్రామ్ సంతకం తనకు తెలియదని యంత్రం చెబుతోంది. ఓకే నొక్కి, తరువాత వచ్చే నీలి తెర మీద వెంటనే ఏదో ఒక కీ నొక్కాలి, ఆలస్యమైతే అది వెళ్లిపోతుంది. ఆపై 'ఎన్‌రోల్ కీ ఫ్రమ్ డిస్క్' ఎంచుకుని, వీటాయ్‌ఈఎఫ్‌ఐ (VTOYEFI) అనే భాగంలో ఉన్న కీ ఫైలును చూపించి, రీబూట్ చేయండి. ఆ యంత్రం ఇక మళ్లీ అడగదు. దీనికి భయపడి సెక్యూర్ బూట్ ఆపేసేవాళ్లకు ఒక మాట: డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ముందే కాగితం మీద రాసుకోండి.

(తెర మీద: వెంటాయ్ మెనూ, వరుసగా ఐఎస్‌వో పేర్లు)

ఇదిగో మన జాబితా. బాణం కీలతో కావలసినది ఎంచుకుని ఎంటర్ నొక్కండి. ఒకే ల్యాప్‌టాప్‌లో రెండూ కావాలంటే విండోస్ ముందు, లినక్స్ తరువాత వేయండి. తరువాత వేస్తే విండోస్ తన బూట్‌నే ముందుకు తెచ్చుకుంటుంది, లినక్స్ మెనూ కనిపించదు. విండోస్ ఉంచుకోవాలంటే, మింట్ వేసేటప్పుడు డిస్కు మొత్తం చెరిపే వరుస మీద గుర్తు లేకుండా చూసుకోండి.

కొత్త వెంటాయ్ వచ్చినప్పుడు ఇన్‌స్టాల్ కాదు, అప్‌డేట్ నొక్కండి. అది చివరి 32 ఎంబీలనే మారుస్తుంది, మీ ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయి.