మంచు చెక్కిన స్తంభాలు

శ్రోతలకు నమస్కారం. అమెరికాలోని యూటా రాష్ట్రపు దక్షిణ భాగంలో బ్రైస్ కాన్యన్ అనే జాతీయ ఉద్యానవనం ఉంది. కాన్యన్ అంటే నది కోసిన లోతైన లోయ. బ్రైస్ కాన్యన్‌కు మాత్రం ఆ పేరు అంతగా నప్పదు, ఎందుకంటే దీనిని కోసిన నది లేదు. ఒక పీఠభూమి తూర్పు అంచు అరిగిపోతూ వచ్చి, అర్ధచంద్రాకారంలో ఏర్పడిన పల్లాల వరుస ఇది. ఇక్కడ స్థిరపడిన ఎబినీజర్ బ్రైస్, ఆవు తప్పిపోవడానికి ఇంతకన్నా చెడ్డ చోటు ఉండదన్నాడని చెప్పుకుంటారు. ఆ పల్లాల నిండా కిక్కిరిసి నిలిచిన రాతి స్తంభాలను, వాటి నడుమ మెలికలు తిరిగే సందులను చూసినవారు ఆ మాటను కాదనలేరు.

ఈ స్తంభాలను హూడూలు అంటారు. సుమారు 5 కోట్ల సంవత్సరాల కిందట ఇక్కడ ఉన్న సరస్సుల అడుగున పేరుకున్న సున్నపు బురదే కాలక్రమాన రాయి అయింది. అందులోని ఇనుము దానికి ఎరుపు, నారింజ రంగులనిచ్చింది. పీఠభూమి అంచు సముద్రమట్టానికి 2,400 మీటర్లకు పైగా ఎత్తున ఉండడం వల్ల, ఏడాదిలో దాదాపు సగం రోజులు పగలు కరిగిన మంచు రాత్రికి మళ్ళీ గడ్డకడుతుంది. పగుళ్ళలోకి దిగిన నీరు గడ్డకట్టినప్పుడు సుమారు 9 శాతం ఉబ్బి, రాతిని లోపలి నుంచి చీలుస్తుంది. అలా మొదట పలుచని గోడలు మిగులుతాయి. గోడలకు కిటికీల వంటి రంధ్రాలు పడతాయి. కిటికీల పైకప్పు కూలితే స్తంభాలు విడివిడిగా నిలుస్తాయి. కొన్నిటి నెత్తిన గట్టి రాయి గొడుగులా నిలిచి, కింది మెత్తని భాగాన్ని వాననుంచి కొంతకాలం కాపాడుతుంది.

ఈ ప్రాంతపు పైయూట్ ప్రజల గాథ ప్రకారం, ఒకప్పుడు ఇక్కడ నివసించిన చెడ్డవారిని కొయోట్ అనే నక్కలాంటి అడవి జంతువు పేరున్న మాయావి రాళ్ళుగా మార్చివేశాడు. అహల్య కథ విని పెరిగిన మనకు ఆ ఊహ కొత్తగా తోచదు.

చాలామంది పైనుంచి చూసి, ఫొటో తీసుకుని వెనుదిరుగుతారు. అది సగం చూపే అని నా అభిప్రాయం. పల్లాలు తూర్పుముఖంగా ఉన్నందున సూర్యోదయ వేళ సన్‌రైజ్ పాయింట్‌లో నిలబడి, స్తంభాలు లోపలి నుంచి వెలుగుతున్నట్టు కనిపించే ఆ కొద్దిసేపూ చూసి, తర్వాత క్వీన్స్ గార్డెన్ బాటలో కిందికి దిగాలి. పైనుంచి బొమ్మల కొలువులా కనబడినవి కింద తల వెనక్కి వాల్చి చూడవలసిన బురుజులవుతాయి. నవాహో లూప్ బాటను కలుపుకొని సన్‌సెట్ పాయింట్‌కు చేరడానికి 5 కిలోమీటర్ల లోపే నడక. అయితే దిగడం ముందు, ఎక్కడం చివర కనుక, గాలి పలుచగా ఉండే ఆ ఎత్తులో ఊపిరి అందక ఆగవలసి వస్తుంది. నీరు వెంట ఉంచుకోవాలి. ఉరుము వినబడితే అంచు దగ్గర నిలవకూడదు.

నవాహో లూప్‌లో వాల్ స్ట్రీట్ అనే ఇరుకు భాగం ఉంది. రెండు ఎత్తైన రాతిగోడల మధ్య ఎండ కోసం పైకి సాగిన డగ్లస్ ఫర్ చెట్లు అక్కడ నిలిచి ఉంటాయి. 2006లో అక్కడ కొండచరియ విరిగిపడింది. శీతకాలంలో ఆ దారిని మూసివేస్తారు. పగుళ్ళలో మంచు తన పని చేసుకుపోయే రోజులవి, రాళ్ళు ఎప్పుడు రాలుతాయో చెప్పలేరు.