చలికి పాములు ఎక్కడికీ పోవు

అందరికీ నమస్కారం. శెనక్కాయ పెరికి, కాయ కొట్టి, పశువుల మేతకు కట్టె వామి వేసుకున్న రోజులివి. "చలికాలం గదా, పాములుండవులే" అని మన అనంతపురం పల్లెల్లో గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే తెల్లారుజామున లైటు కూడా లేకుండా వామిలో చెయ్యి పెడతాం. ఈరోజు మాట్లాడుకునేది ఆ నమ్మకం గురించే.

పాము, తొండ, ఉడుము, తాబేలు శీతల రక్త జంతువులని బడిలో చదువుకున్నాం. ఆ పేరు కొంచెం తప్పుదారి పట్టిస్తుంది. ఎండ కాగుతున్న తొండ ఒళ్లు దాదాపు మన ఒళ్లంత వెచ్చగానే ఉంటుంది. మన వేడి మనం తిన్న తిండిలోంచి పుడుతుంది, దానికి మాత్రం బయటి నుంచి రావాలి. రేపు పొద్దున ఎనిమిదింటికి ఏదైనా గుట్ట దగ్గర బండ మీది తొండను చూడండి. ఒళ్లు నల్లబారి ఉంటుంది, పక్కటెముకలు వెడల్పు చేసి ఎండకు అడ్డంగా పరుచుకుంటుంది. ముదురు రంగు వేడిని త్వరగా లాగుతుంది. ఒళ్లు 35 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చిందంటే రంగు తేలిపోతుంది, కాళ్లు నిలబెట్టి పొట్ట పైకెత్తుతుంది. అప్పుడే వేటకు దిగుతుంది.

ఎండ లేకపోతే? తొండైనా పామైనా ఒంటి శక్తి ఖర్చు తగ్గించుకుంటుంది. ఒళ్లు పది డిగ్రీలు చల్లబడితే లోపలి పనులన్నీ సగానికో, మూడో వంతుకో పడిపోతాయి. గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి తగ్గుతుంది. అసలే ఆ సైజు ఎలుకకో కుందేలుకో కావాల్సిన తిండిలో పదో వంతుతో బతికే జీవి కాబట్టి, కొవ్వు ఉన్న పాము నెలల తరబడి ఏమీ తినకపోయినా బతుకుతుంది. దానికి ఆకలి కంటే దాహమే పెద్ద ముప్పు. తేమ లేని చోట ఊపిరి వెంట, చర్మం వెంట నీరు పోతూనే ఉంటుంది. అందుకే పుట్ట, ఎలుక బొక్క, నల్లరేగడి నెర్రె వెతుక్కుంటుంది. అడుగు లోతులోనే రాత్రీ పగలూ తేడా బాగా తగ్గిపోతుంది, మూడడుగులకు దాదాపు తెలియదు. అక్కడ చుట్ట చుట్టుకుంటే గాలి తగిలే ఒళ్లు కూడా తక్కువ.

ఇంకో సంగతి, జీర్ణం. ఎలుకను మింగిన పాము చల్లబడితే కడుపులో రసాలు పనిచేయవు. ఎలుక అరగదు, కుళ్లుతుంది. కక్కేస్తే సరే, లేకపోతే ప్రాణం మీదికొస్తుంది. చలిదేశాల పాములు అందుకే శీతాకాలానికి ముందే తిండి మానేసి కడుపు ఖాళీ చేసుకుంటాయి. కెనడాలో మానిటోబా రాష్ట్రం, నార్సిస్ అనే చోట గార్టర్ పాములు సున్నపురాతి గుంతల్లో, నేల గడ్డకట్టే లోతు కంటే కిందికి దిగి, వేల సంఖ్యలో ఒకచోటే చలికాలం గడుపుతాయి. మన నాపరాయి కూడా సున్నపురాయే. కానీ మన పాములకు అంత అవసరం లేదు.

ఎందుకంటే డిసెంబరు, జనవరిలో కూడా మనకు మధ్యాహ్నం ముప్పై డిగ్రీల దాకా ఎండ ఉంటుంది. రాత్రి మాత్రం పదిహేను, పద్దెనిమిదికి దిగుతుంది. కాబట్టి మన పాము నెలల తరబడి నిద్రపోదు. రోజూ రాత్రికి చల్లబడి, పగటికి కోలుకుంటుంది. పైగా రక్తపింజరలు జతకట్టేది ఈ చలినెలల్లోనే. మగవి తిరుగుతుంటాయి.

ఇప్పుడు వామి సంగతి. రాలిన కాయకు ఎలుక వస్తుంది, ఎలుకకు పాము వస్తుంది. పైగా ఆ కట్టె కింద వెచ్చదనం, తేమ రెండూ దొరుకుతాయి. అయినా తెల్లారుజామున అయిదింటికి ఆ పాము చలికి మందగించి, త్వరగా పారిపోలేని స్థితిలో ఉంటుంది. పారిపోలేనిదానికి కాటే దారి. విషం చలికి తగ్గదు. కదల్లేదు కదా, చచ్చిందేమో అని పట్టుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. పొద్దుటి మేత ముందురోజు పొద్దు ఉండగానే తీసి పెట్టుకోండి. పైనుంచి కర్రతో లాగండి, అడుగున చెయ్యి పెట్టొద్దు. వామి చుట్టూ రెండు గజాలు గడ్డి, రాళ్లు లేకుండా చెక్కి ఉంచండి. ఎలుకలు తగ్గితే పాములూ తగ్గుతాయి.

కాటు పడిందా, కదలకుండా కూర్చోబెట్టండి. ఉంగరం, గాజులు, మొలతాడు తీసేయండి, ఒళ్లు వాస్తే అవి బిగుసుకుంటాయి. కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో లాగొద్దు. 108కు ఫోన్ చేసి ప్రభుత్వాసుపత్రికి పోండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ ఒకటే మందు, పామును చంపి తీసుకుపోవాల్సిన పని లేదు. పింజర కాటు అనుమానముంటే నెత్తురు గాజు సీసాలో 20 నిమిషాలు పెట్టి గడ్డకడుతుందా లేదా చూస్తారు. విషం ఎక్కినట్టు తేలితే మందు సాధారణంగా పది వయల్స్‌తో (చిన్న మందు సీసాలతో) మొదలుపెడతారు. మంత్రగాడి దగ్గర గంట పోతే కిడ్నీలు పోయే ప్రమాదం పెరుగుతుంది.

చివరగా నక్షత్ర తాబేలు. కంచెల్లో దొరికితే పిల్లలు ఇంటికి తెస్తారు. 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద అది నేరం, తాబేలుకు చావు కూడా. చల్లటి గచ్చు మీద దోసకాయ ముక్కలు పెడితే తింటుంది, అరగదు. ముక్కు కారుతుంది, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది, అది నిమోనియా. అప్పటిదాకా ఉంచొద్దు. ఎక్కడ దొరికిందో అక్కడే, పొద కింద, పొద్దున తొమ్మిది పది మధ్య వదలండి. సాయంత్రం వదిలితే దాక్కునే చోటు వెతుక్కునేలోపే ఒళ్లు చల్లబడి ఆగిపోతుంది.