తాళాలు తీసుకునే ముందు

శ్రోతలకు నమస్కారం.

పోయిన వేసవిలో మా చెల్లెలు వాళ్లు కొన్న కొత్త ఫ్లాట్ చూడ్డానికి వెళ్లాం. హైదరాబాద్ శివార్లలో, ఆరో అంతస్తు. తూర్పు గుమ్మం, మంచి గాలి. ఆ తర్వాతి గురువారం గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించుకున్నారు, చుట్టాలందరికీ చెప్పేశారు కూడా. బిల్డర్ ఆఫీసు కుర్రాడు ఒక చేత్తో తాళాలు, ఇంకో చేత్తో సంతకం పెట్టాల్సిన కాగితం పట్టుకుని నిలబడ్డాడు.

మా వెంట తెలిసిన మేస్త్రీ ఒకాయన వచ్చాడు. జేబులోంచి రూపాయి బిళ్ల తీసి, హాల్లో కూర్చుని ఒక్కో టైలునూ తడుతూ పోయాడు. గట్టిగా మోగుతూ వచ్చిన చప్పుడు కిటికీ దగ్గర డొల్లగా మారింది. కింద సిమెంటు సరిగా పట్టలేదు, బరువు పడితే పగులుతుందని చెప్పి సుద్దముక్కతో గుర్తు పెట్టాడు. బాత్రూంలో బకెట్ నీళ్లు గుమ్మరిస్తే అవి జాలీ వైపు వెళ్లకుండా తలుపు దగ్గరకొచ్చి నిలిచాయి. నేలకు వాటం తప్పింది. దాని వెనక బెడ్‌రూం గోడకి మోకాలెత్తున కొత్త రంగు కనిపించింది. అరచెయ్యి ఆనిస్తే చల్లగా, చెమ్మగా తగిలింది.

"చేరిపోండి మేడమ్, అన్నీ తర్వాత చేయించేస్తాం" అన్నాడా అబ్బాయి. కాగితంలో మాత్రం ఫ్లాట్ అన్ని విధాలా బాగుంది, ఎలాంటి ఫిర్యాదులూ లేవని ఉంది.

నేను ఈ రోజు మాట్లాడాలనుకున్నది ఆ కాగితం గురించే. మన మాటకు ఎక్కువ విలువ ఉండేది తాళాలు తీసుకోకముందు, చివరి వాయిదా కట్టకముందు. ఆ తర్వాత ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. అలాగని ముహూర్తం వదులుకోమని నేననను. బిల్డర్‌ను అడిగి పాలు పొంగించుకోండి, సంతకం మాత్రం ఆపండి. తప్పనిసరై పెట్టాల్సి వస్తే "జతచేసిన లోపాల జాబితాకు లోబడి" అని మీ చేత్తో రాసి పెట్టండి.

బిల్డర్ దగ్గర కొన్నవాళ్లకు చట్టం అండ ఉంది. స్థిరాస్తి రంగాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం, 14వ సెక్షన్ ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన తేదీ నుంచి 5 ఏళ్ల లోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపం ఉందని చెబితే, బిల్డర్ పైసా అడగకుండా 30 రోజుల్లో బాగుచేయాలి. చేయకపోతే పరిహారం కోరవచ్చు. అందుకే ఫోటోలు, తేదీ, ఈమెయిల్ ఉండాలి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు. బిల్డర్ అప్పగించి 5 ఏళ్లు దాటిన పాత ఇల్లు ఇంకొకరి దగ్గర కొంటున్నవాళ్లకు ఈ సెక్షన్ అండ ఉండదు. వాళ్లు బయానా ఇచ్చేముందే మేస్త్రీని తీసుకెళ్లి చూపించి, మరమ్మతు ఖర్చు ధరలో తగ్గించమని అడగాలి.

మా జాబితాలో పదిహేడు లోపాలు తేలాయి. అన్నిటికీ ఒకే పట్టు పట్టలేదు. అలమర తలుపు గీతలు, రంగు మరకలు వాళ్ల వీలుకే వదిలేశాం. నీళ్లు, కరెంటు, పగుళ్ల విషయంలో మాత్రం కదల్లేదు. బాత్రూంకి పదిహేను వేలు ఇచ్చేస్తాం, మీరే చేయించుకోండి అన్నారు బిల్డర్ వాళ్లు. మా బావగారు ఒప్పుకోబోతే మేస్త్రీ ఆపాడు. మనం టైల్స్ పగలగొడితే రేపు కింది ఇంటి సీలింగ్ కారినా మన మీదకే వస్తుందన్నాడు. ఎంత నిజం! డబ్బు తీసుకోవాల్సినవి వేరు, పని చేయించుకోవాల్సినవి వేరు.

గురువారం పాలు పొంగించారు. సామాను మాత్రం తేలేదు. మూడు వారాలకు కబురొస్తే మళ్లీ వెళ్లాం. బాత్రూం జాలీకి గుడ్డ కుక్కి, నేలంతా నీళ్లు నింపి, ఒక రోజు అలాగే వదిలేశాం. మర్నాడు కింది ఫ్లాట్ వాళ్ల తలుపు తట్టి, టార్చి వేసి సీలింగ్ చూశాం. ఎక్కడా తడి లేదు. పైకొచ్చి గుడ్డ తీస్తే నీళ్లన్నీ గలగలా జాలీలోకి వెళ్లిపోయాయి. అప్పుడు పెట్టింది మా చెల్లెలు సంతకం.

నమస్కారం.