బాలు గాయకుడు కాదు, హరిదాసు! యంత్రానికి చిక్కనిది అదే

నమస్కారం. నెల్లూరు నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు ఒకే ఒక్క మాట చెబుతాను. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ పూర్తిగా విన్న తర్వాత తిట్టండి. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు గాయకుడు కాదు. హరిదాసు. తెర వెనక నిలబడి, 1966 నుంచి ఊపిరి ఉన్నంత వరకూ మనకు హరికథ చెప్పిన మనిషి.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, మొన్న గాంధీబొమ్మ సెంటర్లో టీ తాగుతుంటే మా మేనల్లుడు ఫోను తీసుకొచ్చి నా చెవి దగ్గర పెట్టాడు. "మామా, ఇది వినండి, అచ్చం బాలు గారే!" ఈమధ్య వచ్చిన పాట అది. బాలు గారు 2020 సెప్టెంబరు 25న మనల్ని వదిలి వెళ్లారు. ఆ పాట పుట్టేనాటికి ఆయన లేరు. యంత్రం ఆయన గొంతు తయారుచేసి పాడించింది. మొదటి లైను వినగానే ఒళ్లు జలదరించింది, ఒప్పుకుంటాను. రెండో లైనులో 'నవ్వు' అన్న మాట వచ్చింది. ఆ మాట బాలు గారు పలికితే పెదవి విచ్చుకోవడం మనకు వినిపిస్తుంది కదా! 'న' మీదే చిరునవ్వు మొదలై 'వ్వు' దగ్గరికి వచ్చేసరికి గొంతంతా వెలిగిపోతుంది. యంత్రం ఆ మాటను 'గోడ' అన్నట్టు పలికి ముందుకు పోయింది. టీ గ్లాసు అక్కడే పెట్టేసి లేచాను.

గొడవ మీకు తెలిసిందే. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో బాలు గారి గొంతును కృత్రిమ మేధతో పుట్టించారని, తమకు చెప్పలేదని, 2024 ఆరంభంలో బాలు గారి అబ్బాయి ఎస్పీ చరణ్ గారు నోటీసు పంపారు. సరిగ్గా ఆ రోజుల్లోనే రెహమాన్ గారు 'లాల్ సలామ్' కోసం చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడారు, కుటుంబాల అనుమతి తీసుకుని, పారితోషికం ఇచ్చి మరీ వాడామన్నారు. అప్పటి నుంచి అందరూ అనుమతి గురించే వాదిస్తున్నారు. అనుమతి ఉందా, డబ్బు ఇచ్చారా, ఎంత ఇచ్చారు?

నేను అడిగేది అంతకంటే ముందు ప్రశ్న. అసలు అది బాలు గారేనా?

ఇలాంటి పాటలు ఎక్కువగా ఎలా తయారవుతాయో చూడండి. ముందు ఎవరో ఒక గాయకుడు పాట మొత్తం పాడతాడు. ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ ఆపాలి, ఏ మాట మీద బరువు వేయాలి, అన్నీ అతనివే. ఆ తర్వాత కంప్యూటర్ అతని గొంతు రంగు తీసేసి బాలు గారి గొంతు రంగు పూస్తుంది. అంటే పాడింది ఒకరు, తొడిగింది బాలు గారి చొక్కా. చొక్కా చూసి మనం చేతులు జోడించి నిలబడుతున్నాం!

ఇక నా హరిదాసు మాటకు వస్తాను. బాలు గారి నాన్నగారు సాంబమూర్తి గారు హరికథకులు. ఈ సంగతిని అందరూ ఒక్క వాక్యంలో చెప్పి దాటేస్తారు. నాకు మాత్రం తాళంచెవి అక్కడే కనిపిస్తుంది. చిన్నప్పుడు మా వీధి శ్రీరామనవమి పందిట్లో హరికథ చెప్పించేవాళ్లు. పట్టుపంచె, మెడలో దండ, కాలికి గజ్జె, చేతిలో చిడతలు. "శ్రీమద్రమారమణ గోవిందో హరి!" అనగానే పందిరంతా "హరి" అనేది. ఒక్కడే మనిషి. కుడి భుజం ముందుకు తెచ్చి గొంతు బిగిస్తే రావణుడు. తల కొంచెం వంచి అదే గొంతు సన్నగా చేస్తే సీతమ్మ. వేషం మార్చడు, తెర దించడు. మారేదల్లా గొంతు, ఊపిరి. మా నాయనమ్మ ఆయన్నే రాముడనుకుని దండం పెట్టేది, ఆయన్నే రావణుడనుకుని తిట్టేది.

బాలు గారు చేసింది అదే కాదా? ఏ హీరోకి పాడితే ఆ హీరోలా పాడారు. కళ్లు మూసుకుని విన్నా తెర మీద ఎవరున్నారో తెలిసిపోయేది. డబ్బింగుకు రండి. 'గాంధీ' తెలుగులో బెన్ కింగ్‌స్లీకి గొంతు ఇచ్చింది ఆయనే. 2008లో 'దశావతారం' తెలుగులో కమల్ హాసన్ పది వేషాల్లో ఏడింటికి ఆయనే మాట్లాడారు, ముసలమ్మతో సహా! ఏడుగురు మనుషులు, ఒక్క గొంతు. దీన్ని హరికథ అనక ఇంకేమంటారు?

'శంకరాభరణం' సంగతి కూడా చెప్పాలి. శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోని మనిషి ఆ పాటలు పాడారు. ఆ సినిమా సంగీత దర్శకులు కె.వి. మహదేవన్ గారి సహాయకులు పుహళేంది గారు దగ్గర కూర్చోబెట్టి నేర్పారు. మొదటి జాతీయ అవార్డు ఆ సినిమాకే వచ్చింది. అది ఎలా సాధ్యమైంది? నా సమాధానం ఇదే. ఆయన విద్వాంసుడిగా మారలేదు, శంకరశాస్త్రి పాత్రలోకి వెళ్లారు. తప్పంటే తప్పనండి, నేను మాత్రం ఈ మాట మీద నుంచి కదలను.

ఇంకొకటి తలుచుకుంటే నాకు కడుపు మండిపోతుంది. 2017లో ఇళయరాజా గారి నుంచి బాలు గారికి నోటీసు వచ్చింది, తన పాటలు అనుమతి లేకుండా కచేరీల్లో పాడకూడదని. అప్పుడు ఆయన అమెరికా పర్యటనలో ఉన్నారు. ఇక ఆ పాటలు పాడనని చెప్పి, మిగతా పాటలతో కచేరీ నడిపించారు. స్వరకర్త హక్కు స్వరకర్తదే, కాదనను. కానీ చూడండి, బతికి ఉన్న బాలు తాను పాడిన పాట తానే పాడాలంటే అనుమతి కావాలి. ఆయన పోయాక ఆయన గొంతుతో ఏ పాటైనా, ఎవరైనా, ఇంట్లో కూర్చుని పాడించేయవచ్చు! ఆ వీడియోల కింద లక్షల్లో లైకులు. మన నెల్లూరు వాళ్లే పంచుతున్నారు. తిప్పరాజువారి వీధిలో తన ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి ఇచ్చేసిన మనిషి ఆయన. అక్కడ పిల్లలు స్వరం తప్పితే గురువు ఆపి మళ్లీ చెప్పిస్తారు. మనం 'శ'కీ 'ష'కీ తేడా తెలియని యంత్రాన్ని ఆయన పేరుతో మోస్తున్నాం.

మీరే పరీక్షించండి. ఆయన పాత పాట ఏదైనా పెట్టుకుని, చరణం మొదలయ్యే ముందు ఊపిరి వినండి. విషాదమైతే ఆ ఊపిరి తెగుతూ వస్తుంది. అల్లరి పాటైతే నవ్వు ఆపుకుంటున్నట్టు వస్తుంది. మాట ఇంకా రాలేదు, పాత్ర అప్పటికే వచ్చేసింది! తర్వాత యంత్రం పాట పెట్టండి. అదే చోట ఏం వినిపించిందో కింద రాయండి.

నెల్లూరు పెద్దవాళ్లకు ఒక విన్నపం. సాంబమూర్తి గారి హరికథ స్వయంగా విన్నవాళ్లు మీ ఇంట్లో ఎవరైనా ఉంటే నాకు చెప్పండి. కెమెరా పట్టుకుని నేనే వస్తాను. ఆయన కథ మధ్యలో ఊపిరి ఎలా తీసుకునేవారో అడగాలి నాకు.