హెర్నియా ఆపరేషన్ అయ్యాక పప్పు తింటే చీము పడుతుందా? సైకిల్ టైరుతో చెప్తా

[టేబుల్ మీద పాత సైకిల్ టైరు, ట్యూబు, గాలి పంపు.]

నమస్తే అండీ. డిశ్చార్జి రోజు పేషెంటు మంచం పక్కన నిలబడి పది నిమిషాలు చెప్తాను. ఏ బిళ్ల ఎప్పుడు, కట్టు ఎన్నాళ్లు, దగ్గొస్తే ఏం చెయ్యాలి, అన్నీ. ఇంటివాళ్లు తలూపుతూ వింటారు. ఆఖర్న వాళ్లావిడ దగ్గరకొచ్చి గొంతు తగ్గించి అడుగుతుంది: "సిస్టర్, పప్పు పెట్టొచ్చా?"

పెట్టొచ్చమ్మా అంటాను. సరేనంటుంది. ఇంటికెళ్లి పెట్టదు. వారం తర్వాత కుట్లు చూపించుకోడానికి వచ్చినప్పుడు మనిషి మొహం చూస్తేనే తెలిసిపోతుంది, వారమంతా మిరియాల చారుతో నెట్టుకొచ్చాడని. సర్జికల్ వార్డులో పదకొండేళ్లుగా ఇదే తంతు. ఇవాళ ఈ పప్పు సంగతి తేల్చేద్దాం.

హెర్నియా రకాలు, స్కానింగులు వదిలేస్తున్నా. గజ్జల్లో వచ్చేదాని గురించే మాట్లాడతా, ఎక్కువమందికి వచ్చేది అదే. ఒక్కమాట మాత్రం చెప్పి ముందుకెళ్తా. దీన్నీ వరిబీజాన్నీ కలిపెయ్యకండి. వరిబీజం అంటే వృషణం చుట్టూ నీరు చేరడం. ఇది పొట్టలో ఉండాల్సిన పేగో కొవ్వో కిందికి జారడం. జబ్బులు వేరు, ఆపరేషన్లు వేరు.

[టైరు చేతిలోకి తీసుకుని]

మా నాన్నది సైకిల్ షాపు. చిన్నప్పుడు నేను హోంవర్కు చేసుకుంది ఈ టైర్ల మధ్యే. ఇదిగో, ఇక్కడ చూడండి, గాజుపెంకు కోసేసింది. లోపల ట్యూబు బాగానే ఉంది, పంక్చర్ లేదు. కానీ గాలి కొడుతుంటే... [పంపు కొడుతూ] ...చూశారా? కోసుకుపోయిన చోట ట్యూబు బుడగలా బయటికి తోసుకొస్తోంది. ఇదే హెర్నియా. టైరు మీ పొట్టగోడ, ట్యూబు పేగు. గాలి అంటే పొట్టలో ఒత్తిడి. గాలి తీస్తే బుడగ లోపలికి పోతుంది. మీకు పడుకోగానే ఉబ్బు కనపడకుండా పోయేది అందుకే. తగ్గిపోయిందని సంబరపడకండి, చిరుగు అలాగే ఉంది.

ఏ నూనె రాసినా చిరిగిన టైరు అతుక్కోదు. బెల్టు అంటారా, టైరు చుట్టూ తాడు కట్టి సైకిల్ తొక్కడమే అది. ఆ పూటకి ఇంటికి చేరతారు, అంతే.

మరి మా నాన్న ఏం చేస్తాడు? పాత టైరు ముక్క ఒకటి కోసి, చిరుగు కన్నా అన్ని వైపులా బెత్తెడు ఎక్కువ ఉండేలా, టైరుకీ ట్యూబుకీ మధ్య పెడతాడు. దాన్ని గేటరు అంటాడు. సర్జన్లు పెట్టే మెష్, అంటే సన్నని వల ముక్క, సరిగ్గా ఇదే. లాప్రోస్కోపీలో, అంటే చిన్న కన్నాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్‌లో, అయితే అచ్చం ఇలాగే, లోపలి వైపు నుంచి పెడతారు. ఇక్కడ నాకు భలే నచ్చే సంగతొకటి ఉంది. గేటరుని టైరుకి అదిమి పట్టి ఉంచేది ఏంటి? జిగురు కాదు, ట్యూబులో గాలి! ఏ ఒత్తిడి పేగుని బయటికి తోసిందో, ఆ ఒత్తిడే అలా లోపల పెట్టిన మెష్‌ని గోడకి అదిమి ఉంచుతుంది.

వెనకటికి గేటరు లేదు, చిరుగు అంచులు రెండూ దగ్గరకి లాగి కుట్టేవాళ్లు. ఇటలీలో బస్సీని అనే సర్జన్ 1887లో ఆ పద్ధతిని ప్రచురించాడు, వందేళ్లు అదే నడిచింది. కానీ లాగి కుట్టిన చోట బిగువు ఉంటుంది, దగ్గినప్పుడల్లా కుట్టు మీద పడుతుంది. 1980ల్లో అమెరికాలో లిక్టెన్‌స్టైన్ అనే ఆయన లాగడం మానేసి పైన మెష్ పరిచాడు. 'దగ్గితే కుట్లు తెగుతాయి' అని మన పెద్దవాళ్లు భయపడేది ఆ పాత ఆపరేషన్ని తలుచుకునే. వాళ్ల కాలానికి ఆ భయం తప్పు కాదు. ఆపరేషన్ మారింది, భయం మారలేదు.

ఇంకో ముచ్చట చెప్పకుండా ఉండలేను. మహారాష్ట్రలో దోండాయిచా అనే చిన్న ఊళ్లో డాక్టర్ రవీంద్రనాథ్ టోంగావ్‌కర్, మెష్ కొనలేని పేదవాళ్లకి దోమతెర గుడ్డని స్టెరిలైజ్ చేసి వాడారు. నవ్వకండి. ఉగాండాలో 302 మంది మగవాళ్ల మీద ఖరీదైన మెష్‌నీ దోమతెర గుడ్డనీ పోల్చి చూస్తే ఏడాది తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదని 2016లో తేలింది. మా నాన్నకి ఇది చెబితే "అంటే నా గేటరుకి ఇంత రేటు ఎందుకేశారమ్మాయ్?" అన్నాడు. అవును, ఆయనకీ ఆపరేషన్ అయింది, అక్కడికే వస్తున్నా.

టైరు పోలిక ఒక్కచోట చెల్లదు. రబ్బరు పెరగదు, ఒళ్లు పెరుగుతుంది. మెష్‌లో కన్నాలుంటాయి కదా, కొద్ది వారాల్లో మీ కండ ఆ కన్నాల్లోంచి అల్లుకుపోతుంది. గోడా మెష్ ఒకటైపోతాయి. ఆ కండ దేంతో పెరుగుతుంది? ప్రోటీనుతో. ప్రోటీను మన ఇంట్లో ఎందులో ఉంది? పప్పులో! గుడ్డులో, పెరుగులో, చేపలో. పత్యం పేరుతో సరిగ్గా వాటినే కంచంలోంచి తీసేస్తున్నాం.

చీము ఎందుకు పడుతుంది? క్రిములు చేరితే. అవి చర్మం మీంచి వస్తాయి, కట్టు మీద మాటిమాటికీ వేసే చేతుల నుంచి వస్తాయి. షుగర్ ఎక్కువగా ఉంటే బాగా బలుస్తాయి. కందిపప్పుకీ చీముకీ రంగు కలవడం తప్ప నాకు ఇంకే చుట్టరికం కనపడలేదు.

మా నాన్న విషయానికొస్తే, కుడి గజ్జలో ఆపరేషన్. మర్నాడే ఇంటికొచ్చాడు. నాకు వరసగా నైట్ డ్యూటీలు, మేనత్త వచ్చి వంట తన చేతిలోకి తీసుకుంది. పప్పు లేదు, వంకాయ లేదు, పెరుగు లేదు. ఆకుకూర వాతమట. నీళ్లు ఎక్కువ తాగితే కుట్లకి నెమ్ము చేరుతుందట. వేడన్నం, చారు, వెల్లుల్లి కారం. పైగా మంచం దిగితే ఊరుకోలేదు. నాలుగో రోజు పొద్దున డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి బాత్‌రూమ్ తలుపు వేసి ఉంది, లోపల్నుంచి మూలుగు. చాలాసేపటికి బయటికొచ్చాడు. బనీను చెమటతో తడిసిపోయింది, ఒక చెయ్యి గోడకి, ఒక చెయ్యి కట్టు మీద. నాలుగు రోజులుగా విరేచనం లేదు. మా అత్త ఏమందో తెలుసా? "చూశావే, పప్పు పెట్టకపోతేనే ఇలా ఉంది. పెట్టుంటే?"

[టైరు పైకెత్తి, పంపు గట్టిగా కొడుతూ]

ముక్కడం అంటే ఇది. మీరు భయపడే దగ్గు, తుమ్ము క్షణంలో పోతాయి, ఇది రోజూ బాత్‌రూమ్‌లో పది నిమిషాలు గాలి కొట్టడం. పీచు లేకుండా, నీళ్లు తాగకుండా, కదలకుండా మనిషిని పడుకోబెడితే విరేచనం గట్టిపడక ఏమవుతుంది? నొప్పి బిళ్లల్లో ట్రమడాల్ ఉంటే ఇంకా బిగుస్తుంది. కుట్లు కాపాడాలని చేసే పత్యమే పంపు కొడుతోంది. నాన్నకి గేటరు ఊడలేదు లెండి, గట్టిగానే వేశారు. ఆ పూట నుంచి పప్పు, తోటకూర, మజ్జిగ, రాత్రిపూట గోరువెచ్చని నీళ్లలో ఈసబ్‌గోల్. మర్నాటి మధ్యాహ్నానికి మనిషి తేటపడ్డాడు.

కాబట్టి ఆపరేషన్‌కి ముందే పంపులన్నీ ఆపుకోవాలి. మలబద్ధకం ఉంటే రెండు వారాల ముందే సరిచేసుకోండి. దగ్గు ఉంటే దాచకండి, చెప్పండి. సిగరెట్, బీడీ కనీసం నాలుగు వారాల ముందు మానాలి, అదొక్కటే దగ్గునీ పెంచుతుంది, కుట్టు మానడాన్నీ చెడగొడుతుంది. అరవై దాటిన మగవాళ్లు మూత్రానికి ముక్కుతుంటే మూత్రసంచి కింద ఉండే ప్రోస్టేటు గ్రంథి సంగతి ముందే చూపించుకోండి. మత్తు దిగాక మూత్రం బిగుసుకుపోయి వార్డులో అవస్థపడేది ఎక్కువగా వీళ్లే.

మందుల జాబితా కాగితం మీద రాసుకుని వెళ్లండి. రక్తం పలచనయ్యే బిళ్లలు మీరే ఆపొద్దు, మీరే కొనసాగించొద్దు, గుండె డాక్టర్నీ సర్జన్నీ ఇద్దర్నీ అడగాలి. షుగర్‌కి డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతుంటే ముందే చెప్పండి, సాధారణంగా మూడు రోజుల ముందే ఆపమంటారు. మామూలుగా గట్టి తిండి 6 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపితే చాలు. ముందు రోజు సాయంత్రం నుంచే నోరు కట్టేసుకుని కళ్లు తిరిగి పడిపోవడం అనవసరం. అయితే మత్తు డాక్టరు ఏ టైం చెబితే అదే ఫైనల్.

ఇంట్లో బ్లేడుతో షేవింగ్ చేసుకుని రాకండి. కంటికి కనపడని గాట్లు పడతాయి, క్రిములకి తలుపులు తీసినట్టే. అవసరమైతే మేం క్లిప్పర్‌తో తీస్తాం. ఇంక మొలతాడు. అయ్యా, దండం పెడతా. థియేటర్ బయట స్ట్రెచర్ మీద పడుకుని "మొలతాడు తెంపకూడదు సిస్టర్" అంటే ఎలా? కోసే చోటికి నాలుగు వేళ్ల దూరంలో ఉంటుంది, చెమట పట్టి మురికి పట్టి. ఇంట్లోనే తీసి దేవుడి దగ్గర పెట్టి రండి. కుట్టు మానాక కొత్తది కట్టుకోవచ్చు.

మంచం చూసుకోండి. నులక మంచం సాగిపోయి ఊయలలా ఉంటే అందులోంచి లేవడమే పెద్ద కసరత్తు. గట్టి మంచం కావాలి. లేచే పద్ధతి ఇప్పుడే, నొప్పి లేనప్పుడే నేర్చుకోండి. వెల్లకిలా ఉండి తిన్నగా లేవొద్దు. మోకాళ్లు మడవండి. ఆపరేషన్ కాని పక్కకి మొత్తం ఒళ్లంతా ఒకేసారి దొర్లండి. కాళ్లు మంచం కిందికి జారవిడుస్తూనే మోచేత్తో, అరచేత్తో పరుపుని కిందికి నొక్కండి. బరువంతా చేతి మీదే, పొట్ట మీద కాదు. కూర్చుని రెండు నిమిషాలు ఆగి అప్పుడు నిలబడాలి. దగ్గొస్తే చిన్న దిండు కుట్టు మీద అదిమి పట్టుకుని దగ్గండి. టైరు బయటి నుంచి అరచేత్తో నొక్కి పట్టడం లాంటిదన్నమాట. ఇంట్లో కింద కూర్చునే లెట్రిన్ అయితే రెండు వారాలకి కమోడ్ కుర్చీ అద్దెకి తెచ్చుకోండి. కూర్చోవడం వల్ల మెష్‌కి ఏమీ కాదు, లేవడమే నొప్పి.

నడక ఆపరేషన్ అయిన రోజు సాయంత్రమే మొదలు. కెనడాలో షౌల్డైస్ అని హెర్నియాలకే ఒక ఆస్పత్రి ఉంది, 1945 నుంచి. అక్కడ పేషెంటు ఆపరేషన్ బల్ల దిగి నడుచుకుంటూ వెళ్తాడు! మన దగ్గర ఎక్కువగా వెన్నుకి మత్తు ఇస్తారు కాబట్టి కాళ్లకి స్పర్శ వచ్చేదాకా ఆగాలి. ఆ తర్వాత వరండాలో నాలుగు అడుగులతో మొదలుపెట్టి రోజూ పెంచుకోండి.

టైం చూస్తే ఎక్కువైపోయింది, నాకు బస్సుంది. మిగతావి గబగబా.

బరువులు: మామూలు గజ్జల హెర్నియాకి, ఒంటికి సుఖంగా అనిపించిన వెంటనే మామూలు పనులు చేసుకోవచ్చనే 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన సర్జన్లు చాలామంది నాలుగు నుంచి ఆరు వారాలు పెద్ద బరువులు వద్దంటారు. మీ సర్జన్ మాటే వినండి. మంచినీళ్ల చెంబుకి భయం అక్కర్లేదు, కానీ 20 లీటర్ల వాటర్ క్యాన్, 30 కిలోల దాకా తూగే నిండు గ్యాస్ సిలిండర్ వేరేవాళ్లని మొయ్యనివ్వండి. పొట్ట మీద పాత కోత దగ్గర వచ్చిన పెద్ద హెర్నియా అయితే ఈ లెక్కలు చెల్లవు.

వాపు: కుట్టు కింద మళ్లీ గడ్డలా కనపడితే 'తిరగబెట్టింది' అని ఏడవకండి. ఎక్కువసార్లు అది నీరు చేరడం, కొన్ని వారాల్లో ఇంకిపోతుంది. వృషణాల దాకా నీలంగా కమలడం కూడా మామూలే, బిగుతైన డ్రాయరు వేసుకోండి. డాక్టర్‌కి మాత్రం ఒకసారి చూపించండి. లాప్రోస్కోపీ అయితే భుజం నొప్పి రెండు మూడు రోజులు ఉంటుంది. అది లోపల నింపిన గ్యాస్, గుండెపోటు కాదు. ఆయాసం, ఛాతీ నొప్పి ఉంటే మాత్రం ఆలోచించకుండా ఆస్పత్రికి.

నొప్పి బిళ్ల మొదటి రెండు మూడు రోజులు రాసిన టైంకి వేసుకోండి, ఓర్చుకుని ఓర్చుకుని వేసుకోవడం కాదు. స్నానం మామూలుగా 48 గంటల తర్వాత, రుద్దకుండా. పసుపు, పౌడరు, నూనె ఏదీ కుట్టు మీద వద్దు. బండి ఎప్పుడు? గట్టిగా బ్రేకు తొక్కినా నొప్పి రానప్పుడు. కిక్ కొట్టే బండి అయితే ఇంకొన్నాళ్లు ఆగాలి. కాపురం సంగతి అందరికీ కావాలి, ఎవరూ అడగరు: నొప్పి లేకపోతే చాలు, చాలామందికి రెండు వారాలు.

వెంటనే రావాల్సినవి: 101 దాటిన జ్వరం, కుట్టు నుంచి చీము, ఆగని రక్తం, ఆరేడు గంటలైనా మూత్రం రాకపోవడం, వాంతులతో పొట్ట ఉబ్బడం, పిక్క వాచి నొప్పి. ఇంకా ఆపరేషన్ కాకుండా తేదీ కోసం చూస్తున్నవాళ్లకి ఇది ముఖ్యం. రోజూ లోపలికి పోయే ఉబ్బు ఒకరోజు పోకుండా గట్టిపడి, నొప్పితో, వాంతులతో ఉంటే అది ట్యూబు చిరుగులో నలిగిపోయినట్టు. పేగుకి రక్తం ఆగిపోతోంది. బలవంతంగా లోపలికి నెట్టొద్దు, తెల్లారేదాకా ఆగొద్దు. 108కి ఫోన్ చెయ్యండి.

[గోడ గడియారం చూసి, టైరు సంచిలో పెడుతూ]

ఎడిటింగ్ అవ్వగానే మొదటి లింకు మా అత్తకే.